అబద్ధమాడని అయిదు నెలలు

ఇబ్రహీంపట్నం,
10 అక్టోబరు 1948

తమ్ముడు బాలస్వామికి, తప్పు, బాలస్వామి స్వాములవారికి అక్క జ్ఞానమ్మ స్తోత్రం చెప్పి రాయునది.

చంకనేసుకుని తిప్పిన పిల్లవాడికి స్తోత్రం చెప్పాలంటే ఇప్పటికీ నాకు నోరు తిరగదు. నీ ఒంటిమీది అంగీకి చెప్తున్నాననుకుని చెప్తాను. నేను ప్రాణంతో ఉన్నాను. నీ దగ్గు ఎట్లా ఉంది? మానుకోట వైపు నీళ్ళు మంచివి కావంటారు. మిరియాలు వేసి కాచుకోమన్నాను, కాచుకుంటున్నావో లేదో. నీకు వండిపెట్టే మనిషి కూరలో ఉప్పు ఎక్కువ వేస్తాడన్నావు. చెప్పి మాన్పించు. నువ్వు ఎవరికీ ఏమీ చెప్పవు, అదే నా ఫికర్.

ఇక్కడ పటాలం వచ్చి పోయింది. నిజాం సర్కారు పోయిందన్నారు, రజాకార్లు పోయారన్నారు. ఊళ్ళో జనం గట్టిగా మాట్లాడుకోవడం కూడా పోయింది. ప్రార్థన గది కప్పు ఒక మూల కారుతోంది. మీ బావ ఉపదేశిగా ఉన్న రోజుల్లో కప్పించిన గడ్డి, ఆయన పోయి తొమ్మిదేళ్ళయినా ఆగింది. ఇక ఆగదు. బలిపీఠం మీది గుడ్డలు మడిచి పెట్టెలో పెట్టాను.

అసలు సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు. ఏప్రిల్లో చిన్న పాస్కా పండుగకు మా విచారణ స్వాములు రాలేకపోతే నువ్వు వచ్చావు కదా. అందరూ నీ దగ్గరే పాపసంకీర్తనం చేశారు. తమ్ముడి ముందు మోకరించడమేమిటని నేను చివరిదాకా గోడకు ఆనుకుని నిలబడ్డాను. చివరికి వచ్చి నలభై ఏళ్ళుగా చెప్తున్నదే చెప్పాను, చిన్న చిన్న అబద్ధాలు ఆడుతున్నానని. నువ్వు ఆ రోజు చాలా అలసిపోయి ఉన్నావు. జపమాలలు చెప్పమనకుండా, "వచ్చే పాపసంకీర్తనం దాకా ఒక్క అబద్ధం కూడా ఆడకు, అదే నీ ప్రాయశ్చిత్తం" అన్నావు. ఆగస్టులో మోక్షారోపణ పండుగకు స్వాములు వస్తారు, నాలుగు నెలలే కదా అనుకున్నాను. ఆగస్టులో దారులు బందయ్యాయి. స్వాములు రాలేదు. ప్రాయశ్చిత్తం తీరలేదు.

ఉపవాసం పట్టినట్టు పట్టాను తమ్ముడూ. కమలమ్మ తన మామిడికాయ తొక్కు ఎట్లా ఉందంటే బూజు వాసన వస్తోందన్నాను. నెల రోజులు నాతో మాట్లాడలేదు. యాదమ్మ మనవణ్ణి చూపిస్తే తల పెద్దగా ఉందన్నాను. "అవ్వను ఏమడగకున్రే, నిజం జెప్తది" అని ఊరంతా నవ్వేవారు. నాకు కొంచెం గర్వం కూడా వచ్చిందేమో. అది వేరే పాపం.

పోయిన నెల ఆఖర్లో ఒకరు నన్నొక మాట అడిగారు. నిజం చెప్పాను. దాని వల్ల ఒక ఇంటికి పెద్ద చేటు వచ్చింది. ఇంతకంటే రాయను, ఉత్తరాలు విప్పి చూస్తున్నారట. నువ్వు నాకు ఈ మాట చెప్పాలి. పాపసంకీర్తనం ఉత్తరంలో చేయవచ్చా? చేస్తే ఏ ఆజ్ఞ కింద పెట్టాలి? ఎనిమిదో ఆజ్ఞ అబద్ధ సాక్ష్యం పలకవద్దంటుంది, నేను పలకలేదు. చంపవద్దనే అయిదో ఆజ్ఞ అంటావేమోనని నాకు అన్నం సయించడం లేదు. నువ్వు పెట్టిన ప్రాయశ్చిత్తం ఇంకా నడుస్తున్నట్టా, తీరినట్టా?

జవాబు తొందరగా రాయి. చలి వస్తోంది, ఛాతీకి గుడ్డ కట్టుకో.

నీ అక్క
జ్ఞానమ్మ


మానుకోట,
29 అక్టోబరు 1948

అక్కకు,

స్వామిగా ఆశీస్సులు పంపాలంటే నాకు సిగ్గు, తమ్ముడిగా దండం పెట్టాలంటే నువ్వు ఒప్పుకోవు. రెండూ పంపుతున్నాను, కావలసింది ఉంచుకో.

దగ్గు తగ్గింది. మిరియాలు దొరకడం లేదు. పగలు పటాలం వస్తుంది, చీకటి పడితే కమ్యూనిస్టు దళాల వాళ్ళు వస్తారు, మధ్యన అందరికీ జవాబు చెప్పుకునే వాళ్ళు మా ఊళ్ళ జనం. నేను రోజుకు రెండు ఊళ్ళు నడుస్తున్నాను. నిన్న ఒకే రోజు మూడు సమాధులు దీవించాను.

పాపసంకీర్తనం ఉత్తరంలో కుదరదు. మనిషి మోకరించాలి, నోటితో చెప్పాలి, గురువు చెవితో వినాలి. అది నేను పెట్టిన నియమం కాదు.

ఏప్రిల్ సంగతి రాశావు. దాన్ని గురించి నేను ఏమీ రాయను. ఇక ముందు దాన్ని నాకు రాయవద్దు.

నిజం చెప్పడం పాపం కాదు. ఏదో ఇంట్లో ఇద్దరి మధ్య మాట పెరిగి ఉంటుంది, దాన్ని నువ్వు నెత్తిన వేసుకుని ఉంటావు. ఇరవై ఏళ్ళ కింద స్వాములవారికి పెట్టిన కోడిగుడ్డు పాతదని మూడుసార్లు పాపసంకీర్తనం చేశావట. ఇది నువ్వే వాకిట్లో కూర్చుని నలుగురికీ చెప్పావు గనక రాస్తున్నాను. మనసును అంత పీడించుకోకు. క్రిస్మసుకు మీ వైపు ఎవరో ఒకరు వస్తారు. అన్నం తిను.

నీ తమ్ముడు
బాలస్వామి


ఇబ్రహీంపట్నం,
15 నవంబరు 1948

స్వాములవారికి జ్ఞానమ్మ స్తోత్రం.

నీకు కోపం వచ్చిందని తెలిసింది. రాయవద్దన్నావు. అయినా రాస్తున్నాను. మన జోజప్ప వరంగల్లు దాకా బండి తోలుకుపోతున్నాడు, అక్కడినుంచి నీ చేతికే ఇస్తానన్నాడు, టపాలో వెయ్యనన్నాడు. అందుకని అంతా రాస్తున్నాను. కోడిగుడ్డు కాదు తమ్ముడూ.

మా పక్కింటి జమాల్ బీ నీకు తెలుసు. ఆమె మొగుడు దూది ఏకేవాడు, నీ గురుపట్టానికి పరుపు కుట్టి ఇచ్చింది అతనే. వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు ఖాసీం. తండ్రి పోయాక వాడే దూది ఏకుతున్నాడు. ఎండాకాలంలో రజాకార్లు వాడికి ఖాకీ అంగీ తొడిగి బండి తోలమన్నారు. రెండు నెలలు తోలాడు. ఎవరిని మోశాడో, ఏం మోశాడో నాకు తెలియదు. వాడు ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదని వాళ్ళమ్మ అంటుంది. అది కూడా నాకు తెలియదు. వాడి కాన్పు చేసింది నేను, అది తెలుసు.

పటాలం వచ్చిన పది రోజులకు ఊళ్ళో వెతకడాలు మొదలయ్యాయి. జమాల్ బీ వాణ్ణి నా దగ్గరికి తీసుకువచ్చింది. "జ్ఞానమ్మక్కా, నీ దేవుని అర్రలకు ఎవ్వలు రారు. నేను యాచారం పొయ్యి మా చెల్లెను అడిగొస్త. గంతదాంక జర వీన్ని సూడు" అంది. బలిపీఠం వెనక కూర్చోబెట్టాను. రొట్టె పెట్టాను. రెండు రోజులు ఉన్నాడు.

మూడో రోజు పొద్దున ప్రార్థన గది గడపలో కూర్చుని జొన్నల్లో రాళ్ళు ఏరుతున్నాను. నారయ్య వచ్చాడు, వెంట ముగ్గురు. నారయ్య అన్నను జూన్ నెలలో రజాకార్లు కొడితే మంచాన పడి ప్రాణం విడిచాడు. అప్పటినుంచి అతను నవ్వగా నేను చూడలేదు.

"అవ్వా, ఖాసీంగాడు ఈడికొచ్చిండా?" అన్నాడు.

చేటలోకి చూస్తూ ఉన్నాను.

"కమలమ్మను అడిగితె తెల్వదన్నది, యాదమ్మను అడిగితె పట్నం పోయిండన్నది. అందరు అబద్ధాలే. నువ్వాడవు. ఊరంత ఎరుకే. గందుకే నీ తానకొచ్చిన. లోపలున్నడా, లేడా?"

తమ్ముడూ, నాకు నీ గొంతు వినబడింది. ఒక్క అబద్ధం కూడా ఆడకు. వచ్చే పాపసంకీర్తనం దాకా.

"ఉన్నడు" అన్నాను.

తర్వాత, వాన్నేం చెయ్యకండి బిడ్డా, పిల్లగాడు అన్నాను. అప్పటికి వాళ్ళు నన్ను దాటి లోపలికి పోయారు. వాణ్ణి శేరిగూడ బాట పట్టించారు. వాకిట్లో ఒక్కసారి "అమ్మీ" అన్నాడు. వాళ్ళమ్మను పిలిచాడో నన్ను పిలిచాడో తెలియదు. చిన్నప్పటినుంచి ఇద్దరినీ అట్లాగే పిలిచేవాడు. మళ్ళీ కనబడలేదు. శవమూ దొరకలేదు, కబురూ లేదు.

జమాల్ బీ సాయంత్రానికి వచ్చింది. తీసుకుపోయారని చెప్పాను. వాళ్ళు నన్ను తోసి లోపలికి దూరారని ఆమె అనుకుంది. నేను అబద్ధం చెప్పలేదు, ఆమె అడగలేదు. ఇప్పుడు కనబడిన వాళ్ళందరితో "మా అక్క పాణం అడ్డమేసింది" అంటోంది. మోకాళ్ళ నొప్పులకు నూనె కాచి తెచ్చి తానే రాస్తోంది. ఆమె నా కాళ్ళు పట్టుకుని రాస్తుంటే నేను గోడ వైపు చూస్తూ కూర్చుంటాను.

ఇప్పుడు చెప్పు. నిజం పాపం కాదన్నావు. ఇదేమిటి?

జ్ఞానమ్మ

జోజప్ప చేతికి జొన్న అటుకులు ఇచ్చాను. పుచ్చితే పారెయ్యి, మొహమాటానికి తినకు.


మానుకోట,
8 డిసెంబరు 1948

అక్కకు,

జోజప్ప ఉత్తరం ఇచ్చాడు. చదివి పొయ్యిలో వేశాను.

ఒక తమ్ముడిగా చదివాను. వాడు పుట్టిన రోజు నువ్వు నాకు రాసిన కార్డు గుర్తొచ్చింది. మిగతాదానికి నేను జవాబు రాయలేను. నేను వస్తాను. మా బిషప్పు మేత్రాణులవారికి అర్జీ పెట్టుకున్నాను, అనుమతి రావాలి, దారి తెరవాలి. అంతవరకు రోజూ సాయంత్రం ఉత్తమ మనస్తాప జపం చెప్పుకో. మాటలు గుర్తు రాకపోతే ఊరికే మోకరించు, చాలు.

రాయడం ఆలస్యమైంది. ఇక్కడి పటాలం క్యాంపులో నన్ను మూడు రోజులు కూర్చోబెట్టారు. "నీ కాళ్ళ దగ్గర అందరూ అన్నీ చెప్పుకుంటారట కదా, దళాలకు అన్నం పెట్టేది ఎవరో చెప్పు" అన్నారు. అవుననలేదు, కాదనలేదు. ఊరుకున్నాను. నాలుగో రోజు పొమ్మన్నారు. దెబ్బలేమీ తగల్లేదు, కంగారుపడకు. చలికి దగ్గు మాత్రం తిరగబెట్టింది.

ఇంతకంటే రాసే ఓపిక లేదు.

బాలస్వామి


ఇబ్రహీంపట్నం,
27 డిసెంబరు 1948

బాలస్వామికి,

స్తోత్రం రాయలేదని గమనించే ఉంటావు. ఇది అక్క రాసే ఉత్తరం.

నా ఉత్తరం పొయ్యిలో వేశావు. చేత్తో పట్టుకోవడానికి కూడా పనికిరానంత పాపమా అది? జవాబు రాయలేనన్నావు. నీ మనసులో ఏముందో నాకు తెలిసింది. అక్కను గనక తిట్టలేకపోయావు.

క్యాంపులో మూడు రోజులు ఊరుకున్నానని రాశావు. ఆ వాక్యం నేను ఎన్నిసార్లు చదువుకున్నానో. ఊరుకోవచ్చా తమ్ముడూ? అవునూ కాదూ అనకుండా ఊరుకుంటే పాపం కాదా? నాకెందుకు చెప్పలేదు? జ్ఞానోపదేశంలో అబద్ధమాడవద్దని నేర్పారు, నిజం చెప్పమని నేర్పారు. మీ బావ నలభై మంది పిల్లలకు అదే నేర్పాడు, నేను పక్కన కూర్చుని విన్నాను. నోరు మూసుకుని జొన్నలు ఏరుకోవచ్చని ఒక్కరూ చెప్పలేదు. మహా అయితే నన్ను ఒక దెబ్బ కొట్టేవారు. ముసలిదాన్ని, పోతే పోయేదాన్ని. ఆ ఒక్క సంగతి తెలియక పిల్లవాణ్ణి అప్పగించాను.

క్రిస్మసుకు ఇటలీ స్వాములు వచ్చారు. మూడు గంటలే ఉన్నారు. ఆయనకు మన మాట సగమే తెలుసు. ప్రతివాళ్ళనూ "ఎన్నిసార్లు? ఎన్నిసార్లు?" అని అడుగుతున్నారు. వరసలో నిలబడ్డాను. నా ముందు ఇద్దరే ఉన్నారు. ఎన్నిసార్లు అంటే నేనేం చెప్పను? ఒకసారి అని చెప్పాలి. ఒకసారే కదా అంటాడేమోనని భయమేసింది. వరసలోంచి వచ్చేశాను. సత్ప్రసాదం తీసుకోలేదు. పెళ్ళయినప్పటినుంచి సత్ప్రసాదం లేని క్రిస్మసు ఇదే మొదటిది. బయట జమాల్ బీ కూర్చుని ఉంది. "ఏమక్కా, ఇయ్యాల నీ తెల్లరొట్టె తినలె?" అంది. కడుపులో బాగా లేదన్నాను.

అవును, అబద్ధమాడాను. ఇక ప్రాయశ్చిత్తం ఎవరికోసం?

ఇంకో సంగతి. జమాల్ బీ కొడుకు కోసం కచేరిలో అర్జీ పెట్టింది. మొన్న ఒక గుమాస్తా వచ్చి, ఎవరు పట్టుకుపోయారో చూసినవాళ్ళు ఉన్నారా అని అడిగాడు. జమాల్ బీ నన్ను చూపించి, "మా అక్క సూసింది. ఆమె జెప్తది, ఆమె అబద్ధమాడది" అంది. గుమాస్తా కలం పట్టుకుని నా వైపు తిరిగాడు. నీలాగే చేశాను. అవుననలేదు, కాదనలేదు. ఊరుకున్నాను. ముసలమ్మకు భయంగా ఉందని రాసుకుని పోయాడు. ఈసారైనా సరిగ్గా చేశాను కదా?

జ్ఞానమ్మ

దగ్గుకు తులసి రసం తాగు. కోపం వేరు, దగ్గు వేరు.


మానుకోట,
19 జనవరి 1949

అక్కా,

ఇది కూడా జోజప్ప చేతికే ఇస్తున్నాను. కూర్చుని నెమ్మదిగా చదువుకో. తప్పు నాది, సరిగ్గా రాయలేదు.

నీ ఉత్తరం కాల్చింది అసహ్యంతో కాదు. నా గదిని రెండుసార్లు సోదా చేశారు. అందులో నారయ్య పేరుంది, నీ పేరుంది. ఎవరి చేతికీ చిక్కకూడదని కాల్చాను. ఆ ముక్క ఉత్తరంలో రాయకపోవడం నా మతిమాలినతనం.

ఏప్రిల్ సంగతి రాయనన్నది కూడా కోపంతో కాదు. మోకరించి చెప్పింది, లేచి నిలబడగానే నాకు తెలియదు. ఎవరు చెప్పారో, ఏం చెప్పారో, దానికి నేనేమన్నానో, ఏదీ తెలియదు. చెప్పిన మనిషితో కూడా బయట ఆ మాట ఎత్తకూడదు, ఉత్తరంలో అసలే కూడదు. నువ్వు రాసిందల్లా చదివి నేను రాయిలా కూర్చోవాలి. నువ్వు అడిగినదానికి నాకు జవాబు లేక కాదు అక్కా. ఎంత ఉందో నువ్వు వచ్చి కూర్చుంటే చెప్తాను.

ఒక్కటి రాయగలను, అది నా సొంతం గనక. గురువులు కూడా పాపసంకీర్తనం చేస్తారని నీకు తెలుసు. పోయిన నెల నేను పద్దెనిమిది మైళ్ళు నడిచి వెళ్ళి ఒక ముసలి స్వాములవారి దగ్గర మోకరించి వచ్చాను. ఏమి చెప్పానో రాయను. అక్క కోసం ఏడ్చానని మాత్రం రాస్తున్నాను.

ఇక గుమాస్తా సంగతి. అది సరి కాదు. నేను ఊరుకున్నది నా దగ్గర ఇతరులు దాచుకున్న మాటల విషయంలో. అవి నావి కావు, ఇచ్చేయడానికి నాకు హక్కు లేదు. నువ్వు గడపలో కూర్చుని కళ్ళతో చూసింది ఎవరూ నీ దగ్గర దాచుకున్నది కాదు. ఒక తల్లి తన కొడుకు ఏమయ్యాడని అడుగుతోంది. అడిగేవాడు చంపడానికి అడుగుతున్నాడా, వెతకడానికి అడుగుతున్నాడా అన్నది చూడాలి. ఇది నీకు ముందే ఎవరైనా నేర్పి ఉండాలి. నేర్పవలసిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

వెళ్ళి చెప్పమని ఆజ్ఞాపించను. నారయ్య ఆ ఊళ్ళోనే ఉన్నాడు, నువ్వు ఒంటరిదానివి. భయపడితే నిన్ను తప్పు పట్టే మొగాణ్ణి కాను. నా దగ్గరికి వచ్చి ఉండు అనడానికి కూడా ఇక్కడ నా గదికి తలుపు లేదు, సోదాలో విరగ్గొట్టారు.

అనుమతి వచ్చింది. విభూది బుధవారం తర్వాత బయలుదేరతాను.

నీ తమ్ముడు
బాలస్వామి


ఇబ్రహీంపట్నం,
4 ఏప్రిల్ 1949

తమ్ముడు బాలస్వామి స్వాములవారికి అక్క స్తోత్రం.

క్షేమంగా చేరావని జోజప్ప చెప్పాడు. నువ్వు బాగా చిక్కిపోయావు. నీ అంగీ మెడ దగ్గర చిరిగింది, కుట్టేలోపే వెళ్ళిపోయావు.

నువ్వు బయట మాట్లాడకూడదు, నేను మాట్లాడవచ్చునన్నావు గనక రాస్తున్నాను. ఆ రోజు గోడ దగ్గర మోకరించి అంతా చెప్పాను. అప్పుడు, "అక్కా, ఆ ప్రాయశ్చిత్తం తెలివిలేని ప్రాయశ్చిత్తం. పెట్టినవాడిది కూడా ఇందులో పాలుంది" అన్నావు. నీ గొంతు చిన్నప్పుడు జ్వరంలో ఉన్నట్టుంది. తర్వాత పాపక్షమాపణ ఇచ్చి, ఒక్క మంగళవార్త జపం చెప్పమన్నావు. ఇంతేనా అన్నాను. "ప్రాయశ్చిత్తం ఇంతే. మిగిలింది ప్రాయశ్చిత్తం కాదు" అన్నావు. దేవుడు క్షమిస్తాడు గానీ జమాల్ బీ తరఫున నువ్వు క్షమించలేవన్నావు.

నీ బండి మలుపు తిరగగానే పోదామనుకున్నాను. పోలేదు. మర్నాడూ పోలేదు. నాలుగో రోజు ఆమే నూనె గిన్నెతో వచ్చింది. కాళ్ళు ముడుచుకున్నాను.

"జమాల్ బీ, కూర్చో. వాళ్ళు నన్ను తోసి లోపలికి పోలేదు. ఉన్నాడా అని అడిగారు. ఉన్నాడని నేనే చెప్పాను" అన్నాను.

ఆమె నూనె గిన్నె కింద పెట్టింది. నేను ఆ ప్రాయశ్చిత్తం గురించి, అబద్ధాల గురించి చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"మొన్న నీ తమ్మునికి జెప్పినవా గీ ముచ్చట?"

"చెప్పాను."

"మాఫ్ జేసిండా?"

"చేశాడు."

"ఆయనెవ్వడు మాఫ్ జేసెటందుకు? పోయింది నా కొడుకు" అంది.

ఆమె అరవలేదు. అరిస్తే బాగుండేది.

"ఆర్నెల్లు నీ కాళ్లకు నూనె రాసిన" అంది. గిన్నె దూరం జరిపి, "ఎవలెవలు వచ్చిన్రు? పేర్లు జెప్పు" అంది.

నారయ్య పేరు, మిగతా ముగ్గురి పేర్లు చెప్పాను.

"నిన్ను మాఫ్ జేసుడు నాతోని గాదు. నడువు కచేరికి."

ఆ రోజే వెళ్ళాము. ఆమె ముందు, నేను వెనక. గుమాస్తా నాలుగు పేర్లూ రాసుకున్నాడు. వాడు లోపల ఉన్నట్టు వాళ్ళకు ఎట్లా తెలిసింది అని అడిగాడు. నేను చెప్పాను అన్నాను. కలం ఆపి నా మొహం చూశాడు. ఇది కూడా రాయాలా అన్నాడు. రాయి బిడ్డా, అది రాయకపోతే మిగతాది ఎవరు నమ్ముతారు అన్నాను. వేలిముద్ర వేస్తావా అంటే, సంతకం చేస్తానని మీ బావ నేర్పిన అక్షరాలతో పేరు రాశాను. వంకరగా వచ్చింది, కానీ చదవడానికి వస్తుంది.

మాఫ్ చేయడానికి నువ్వెవరని జమాల్ బీ అడిగిందే, మరి నీ దగ్గర మోకరించి ఏం లాభమని పడుకుని ఆలోచించాను. నాకు చదువు లేదు, తప్పయితే దిద్దు. ఆరు నెలలు ఆ మాట నా నోట్లో రాయిలా ఉంది. నీ ముందు ఒకసారి పైకి చెప్పాను గనకనే ఆమె ముందు నోరు పెగిలింది. చెప్పినా చావలేదని తెలిసింది. అంతకంటే దాని విలువ నాకు తెలియదు. తేలికైపోయిందని మాత్రం అనను. అలసటగా ఉంది.

నారయ్య సంగతి దాచను, నువ్వు ఎట్లాగూ వింటావు. మొన్న వాకిట్లోకి వచ్చాడు. "అప్పుడు నాకు జెప్పినవ్, ఇప్పుడు నా మీద జెప్పినవ్. నీదేం నోరే అవ్వా" అన్నాడు. రెండూ నా నోరే బిడ్డా, ఖాసీం ఎక్కడున్నాడో ఇప్పుడు నువ్వు చెప్పు అన్నాను. గడప వైపు చూసి వెళ్ళిపోయాడు. అతని పెళ్ళాం నాకు నిప్పు ఇవ్వడం మానేసింది. మన క్రైస్తవుల ఆరిళ్ళ వాళ్ళు కూడా నాతో మాట్లాడాలంటే అటూ ఇటూ చూస్తున్నారు. నువ్వు భయపడకు. నేను భయపడుతున్నాను, ఇద్దరం భయపడితే దగ్గు ఎక్కువవుతుంది.

ఈ పొద్దు హైదరాబాదు కచేరిలో మా ఇద్దరినీ మళ్ళీ విచారిస్తారట. జైళ్ళలో ఉన్నవాళ్ళ జాబితా కూడా చదువుతారట. వాడి పేరు ఉంటుందో ఉండదో. ఉండకపోతే ఆమెను తిరిగి ఇంటికి ఎట్లా తీసుకురావాలో నాకు తెలియడం లేదు. ఆమె నన్ను ముట్టుకోనివ్వదు.

నాలుగు రోజులుగా నాతో మాట్లాడని మనిషి ఇప్పుడు వచ్చి నా వాకిట్లో నిలబడింది. లోపలికి రాదు. పిలవదు కూడా. హైదరాబాదు మోటారు పోయే వేళయింది, నేను లేచేదాకా నిలబడే ఉంటుంది. ఉత్తరం ఇక్కడికి ఆపుతున్నాను.

జ్ఞానమ్మ